రాజావారి సైకిలు చేతితొడుగులు

కొండగెడ్డ రాజావారు మార్తాండభూపతికి ఉన్నట్టుండి గుర్రాలంటే మొహం మొత్తింది. పట్నం నుంచి నల్లగా నిగనిగలాడే సైకిలు తెప్పించుకున్నారు.

పది రోజులు తోటలో తొక్కారు. పదకొండో రోజు రెండు అరచేతులూ పైకెత్తి పట్టుకుని కొలువుకొచ్చారు. ఆశీర్వదిస్తున్నారనుకుని సభంతా తలలు వంచింది.

"తలలెత్తండయ్యా! ఇవి దీవెనలు కావు, బొబ్బలు!" అని అరిచారు రాజావారు. "నాకు చేతితొడుగులు కావాలి. తొడిగితే హాయిగా ఉండాలి. ఎంత తొక్కినా చిరక్కూడదు. నాలుగు రోజుల్లో తెచ్చినవాడికి సైకిలు సర్దారు అని కొత్త ఉద్యోగమిస్తాను!"

ఆ మాటకి ఇద్దరి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఒకాయన పేరిరాజు. రాజావారి బట్టలపెట్టెల మీద అధికారి. ఆయన మీసాలకి పూసే ఆముదంతో రోజూ నాలుగు దీపాలు వెలిగించొచ్చు. తనకి తెలియని సంగతి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం.

రెండోవాడు గవిరయ్య. ముప్పై ఏళ్ళుగా గుర్రపుశాలలో జీనులు కుడుతున్నవాడు. గుర్రాల్ని అమ్మేస్తున్నారు కాబట్టి అమావాస్య లోపల ఇల్లు ఖాళీ చెయ్యమని అతనికి కబురొచ్చింది. పెళ్ళాం అప్పుడే గిన్నెలు గోనెసంచిలోకి ఎత్తుతోంది.

నాలుగోనాడు సభ కూడింది.

పేరిరాజు వెండిపళ్ళెంలో తొడుగులు తెచ్చాడు. ఎర్ర మఖమల్, చుట్టూ జరీ, వేలికొక ముత్యం. చూసి సభ "ఆహా" అంది.

గవిరయ్య గుడ్డమూట విప్పాడు. అందులోవి మేకతోలు తొడుగులు. అరచేతి దగ్గర మెత్త, చేతి వెనక పల్చటి నూలుగుడ్డ. వేళ్ళు మాత్రం సగంలోనే ఆగిపోయాయి.

పేరిరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్ గవిరీ! తోలు చాల్లేదా, ఓపిక చాల్లేదా?"

"వేళ్ళన్నీ మూసేస్తే మారాజు గంటెలా కొడతారు, బ్రేకెలా పడతారండి?" అన్నాడు గవిరయ్య.

కానీ రాజావారి కళ్ళు ముత్యాల మీదే ఉన్నాయి. మఖమల్ తొడుగులు తొడిగేసుకున్నారు. వాటితోనే మీసం దువ్వారు. వాటితోనే పక్కనున్న ఫలహారాల పళ్ళెంలోంచి నువ్వుల ఉండ తీసి నోట్లో వేసుకున్నారు.

"పేరిరాజూ, చూడ్డానికి బాగున్నాయయ్యా. మరి హాయి మాటేమిటి? గట్టితనం మాటేమిటి?"

"స్వయంగా పరీక్షించాను ప్రభూ! మూడు రోజులుగా ఈ తొడుగులు నా చేతికే ఉన్నాయి!"

గవిరయ్య ఒళ్ళంతా చెవులు చేసుకున్నాడు. ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"మూడు రోజులే! పడుకునేటప్పుడు తీసేసుంటారు కదండీ?"

"తీయలేదు! తొడుక్కునే నిద్రపోయాను."

"అన్నం తినేటప్పుడు?"

"చెంచాతో తిన్నాను. తీయలేదు!"

"పోనీ, రెప్పపాటు కాలమైనా..."

"రెప్పపాటు కూడా లేదు!" పేరిరాజు రొమ్ము విరుచుకున్నాడు. "మా ఇలవేలుపు మీద ఒట్టు! అయినా ఒక్క దారం ఊడలేదు, ఒక్క ముత్యం రాలలేదు."

సభ చప్పట్లు కొట్టింది. రాజావారు మురిసిపోతూ రెండో ఉండ నోటి దాకా తెచ్చారు.

గవిరయ్య బుర్ర గోక్కున్నాడు. "మారాజా, చిన్న సందేహం. తమరు కోప్పడనంటే అడుగుతాను."

"అడుగు."

"పేరిరాజుగారు రోజూ తెల్లారగానే చెంబు పుచ్చుకుని సరుగుడు తోపు వైపు వెళ్ళడం నేను చూస్తూనే ఉన్నానండి. మరి అప్పుడూ ఎడంచేతి తొడుగు తీయలేదాండీ?"



రాజావారి చెయ్యి నోటి ముందే ఆగిపోయింది. మెల్లగా కళ్ళు దించి ఉండని చూశారు. ఉండ పట్టుకున్న చేతిని చూశారు. అది ఎడంచేతి తొడుగే కావాలా? ఎందుకైనా మంచిదని కుడిచేతి వైపు కూడా చూశారు. ఇందాక దువ్విన మీసం గుర్తొచ్చింది.

"థూ! థూ! నీళ్ళు! బిందెలతో నీళ్ళు తెండి!"

తొడుగులు చెరోవైపూ ఎగిరాయి. ఒకటి ముసలి పురోహితుడి ఒళ్ళో పడితే ఆయన పీట మీంచి ఎగిరి దూకాడు.

పేరిరాజు కాళ్ళ మీద పడ్డాడు. "అబద్ధం ప్రభూ! ఒక్కసారైనా తొడగలేదు! పొద్దున్నే పెట్టెలోంచి తీశాను! అవి నా చేతికి పట్టనైనా పట్టవు!"

"మరైతే హాయిగా ఉంటాయని, చిరగవని ఎలా తెలిసిందండీ?" అన్నాడు గవిరయ్య మెత్తగా.

పేరిరాజు మోకాళ్ళ మీదే వెనక్కి జరిగాడు. 

"నీ సంగతేమిట్రా?" అన్నారు రాజావారు మీసం కడుక్కుంటూ, గవిరయ్యతో.

గవిరయ్య మాసిపోయిన ఇంకో జత తీశాడు. "ఇవి తొడుక్కుని మూడు రోజులు గడ్డి కోశాను, మోకు లాగాను. కుట్టు ఊడలేదండి. తమ కోసం తెచ్చినవి మాత్రం ఎవరూ తొడగని కొత్తవి."

రాజావారు వాటిని రెండుసార్లు వాసన చూసి మరీ తొడిగారు. సైకిలెక్కి తోట చుట్టూ మూడు చుట్లు తిరిగారు. గంట కొట్టారు, బ్రేకు పట్టారు. దిగి తొడుగులు తీసి చూసుకుంటే కొత్త బొబ్బ ఒక్కటీ లేదు.

"గవిరయ్యే నా సైకిలు సర్దారు! ఇల్లూ వాకిలీ అతనివే! వెళ్ళి మీ ఆవిడని గిన్నెలు దించమను!"

ఆ తరవాత పేరిరాజు వైపు తిరిగారు.

"నువ్వు మాత్రం ఈ మఖమల్ తొడుగులు వారం రోజులు తొడుక్కోవాలి. రెప్పపాటు కూడా తీయడానికి వీల్లేదు. ఏ పనికీ!"

సభ పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది తెర వెనకనున్న రాణీగారు.