మందార దిగని మెట్టు

నూకరాజు పశువుల పాకలో పుల్లన్న అనే ఎద్దు ఉండేవాడు. నెమ్మదస్తుడు, నాలుగు దెబ్బలు పడ్డా మారుమాట అనడు. ఆయనకున్న వ్యసనమల్లా ఒక్కటే, టీవీ సీరియల్. పాకకి ఎదురుగానే ఇంటి కిటికీ. సాయంత్రం ఏడింటికి ఇంటావిడ టీవీ పెట్టగానే పుల్లన్న నెమరు ఆపేసి, మందార అనే కోడలి కష్టాలు చూసేవాడు. మందార ఏడిస్తే ఈయన ముక్కు చీదేవాడు.

అంతలో నాట్ల వారం వచ్చిపడింది. తెల్లారకుండానే మెడ మీద కాడి, పొట్ట దాకా బురద. ఇంటికి చేరేసరికి సీరియల్ అయిపోయేది. అంతకుముందు శనివారం మందార అత్తగారి ఇనప్పెట్టె తాళంచెవి పట్టుకుని మేడమెట్ల మీద నిలబడగానే, కింద ఎవరో తలుపు కొట్టారు. ఎవరు? అది తెలియక సోమవారమంతా పుల్లన్నకి మడిలో అడుగు పడలేదు.

ఆ పెరట్లోనే గడ్డపయ్య అనే మేకపోతు ఉండేవాడు. పనీ లేదు, పలుపూ లేదు. కిటికీ కింద పడుకుని టీవీ చూడటమే ఉద్యోగం.

"కథ నేను చెప్తాగా మావా," అన్నాడు గడ్డపయ్య.

"చెప్పు అల్లుడూ, నీకు పుణ్యముంటుంది. తలుపు కొట్టిందెవరు?"

"ఊరికే చెప్తే కథకి విలువుండదు మావా. ఆ ఉడికిన ఉలవలు కాస్త ఇటు జరుపు."

పుల్లన్న గంప జరిపాడు. తలుపు కొట్టింది పోలీసులన్నాడు గడ్డపయ్య. మంగళవారం అత్తగారిని జైల్లో పెట్టించాడు. బుధవారం ఆవిడకి కవల చెల్లెల్ని పుట్టించి, గంప మొత్తం నాకేశాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆ బుధవారమే మడిలో పుల్లన్న మోకాలు మడతపడింది. నూకరాజు తల పట్టుకున్నాడు. "రోజూ ఉలవలు మేపుతున్నా వీడి ఒంట్లో సత్తువ లేదు. శనివారానికి మడి తయారవ్వకపోతే ట్రాక్టరు మాట్లాడతాను. వీణ్ణి సంతకి తోలేస్తాను."

సంత మాట పుల్లన్న చెవిన పడింది. అయినా సాయంత్రానికి కథ మీద మోజు చావలేదు. అలవాటు అలాంటిది మరి.

గురువారం ఉదయం గాలివానకి కాలవగట్టు మీద కరెంటు స్తంభం పడిపోయింది. ఆ బురదలోకి ట్రాక్టరు దిగలేక, కొత్త స్తంభాన్ని నూకరాజు బండికి కట్టారు. లాగింది పుల్లన్నే. "ఊళ్లోకి కరెంటు రేపు సాయంత్రానికే," అని లైన్‌మన్ చెప్పడం చెవులారా విన్నాడు.

ఇంటికొస్తే అరుగు మీద ఛార్జింగ్ లైటు వెలుగుతోంది. గడ్డపయ్య ఎదురొచ్చాడు.

"ఇవాళ్టి ఎపిసోడ్ చూసి తీరాలి మావా! మందార మెట్లు దిగింది. తలుపు తీస్తే ఎదురుగా చచ్చాడనుకున్న మొగుడు!"

"టీవీలోనే చూశావా అల్లుడూ?"

"ఈ రెండు కళ్లతో! నా అంత గడ్డం పెంచాడు."

వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి. పుల్లన్నకి కోపం కంటే సిగ్గు ఎక్కువేసింది. కల్లబొల్లి కబుర్ల కోసం కడుపు మాడ్చుకున్నాడు. పోట్లాడితే కొమ్ములు నొప్పెడతాయి గానీ ఉలవలు తిరిగిరావు కదా అనుకుని ఊరుకున్నాడు.

శుక్రవారం గడ్డపయ్య గంపలో మూతి పెట్టాడో లేదో, పుల్లన్న మొదలుపెట్టాడు.

"ఇవాళ నేను చెప్తాను విను. ఒక ఊళ్లో ఒక మేకపోతు. కూర్చుని తినీ తినీ వారంలో నున్నగా తయారైంది. ఒక పొద్దున యజమాని వచ్చి, ఏమీ అనకుండా దాని వీపు మీద చెయ్యేసి, మెడ నుంచి నడుం దాకా తడిమాడు."

గడ్డపయ్య నమలడం ఆపేశాడు. ఆ పొద్దునే నూకరాజు తన వీపు అచ్చం అలాగే తడిమాడు.

"తడిమి, లోపలికెళ్లి పెళ్లాంతో 'నాట్లు అయిపోయిన రోజు కూలీలకి భోజనం పెట్టాలి కదే, ఏం వండుదాం?' అన్నాడు. దానికి ఆవిడ..."

"ఏమంది మావా?"

"మిగతాది రేపు."

"నీ కాళ్లు పట్టుకుంటా, చెప్పు!"

"ఊరికే చెప్తే కథకి విలువుండదు అల్లుడూ."

గడ్డపయ్య గంపని కొమ్ములతో పుల్లన్న ముందుకి నెట్టి, చిక్కిపోవాలని పెరటి చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాడు. పుల్లన్న ఇన్నాళ్లకి కడుపు నిండా తిన్నాడు. శనివారం మధ్యాహ్నానికే మడి తయారైంది. ఆఖరి నాటు పడ్డాక "నా బంగారమే!" అని నూకరాజు ఆయన గంగడోలు నిమిరాడు. సంత మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఏడింటికి పుల్లన్న పాకలోనే ఉన్నాడు. ఇంటావిడ టీవీ పెట్టింది. మందార అదే మెట్టు మీద ఉంది. తాళంచెవి చేతిలోనే ఉంది. కింద తలుపు ఇంకా కొడుతూనే ఉన్నారు.

పుల్లన్న తెల్లబోయాడు. తాను రెండెకరాలు కలియదున్నేలోపు ఆ పిల్ల ఒక్క మెట్టు దిగలేదు!

"సోమవారం నుంచీ ఇంతే మావా," అన్నాడు గడ్డపయ్య, ఆయాసపడుతూ. "చెప్పడానికేం లేక కల్పించాను. అది సరే గానీ, నీ కథలో ఆవిడ ఏమంది?"

"కోడిగుడ్ల పులుసు చాలంది. కూలీలు తిని వెళ్లిపోయారు కూడా."

"మరి నా వీపెందుకు తడిమాడు?"

"నెత్తురు తాగే గోమార్లు పట్టాయేమోనని. వారానికోసారి నా వీపూ తడుముతాడు."

కోతలు కోసి కడుపు నింపుకునేవాణ్ణి పస్తు పెట్టడానికి కర్ర అక్కర్లేదు, సగంలో ఆపిన కథ ఒక్కటి చాలు.