సత్తారు వంతు

పరాంకుశం గారు ఎవరి బొమ్మనూ బాగోలేదని అనరు. నచ్చకపోతే కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర యానిమేషన్ నేర్చుకున్నవాళ్లందరికీ ఆ అలవాటు తెలుసు. దానికి భయపడతారు కూడా. సలోమి తన పోరాట సన్నివేశాన్ని చూపించిన రోజున ఆయన సగంలోనే కళ్లజోడు తీశారు.

ఆ సన్నివేశం కోసం సలోమి ఏడాదిగా కష్టపడింది. కొండ మీద కథానాయకుడు ఒక్కడే నిలబడి ఉంటాడు. రాక్షసుల దండు వచ్చి పడుతుంది. కత్తి తిప్పితే నిప్పులు రాలతాయి, కాలు మోపితే బండలు పగులుతాయి, ఒక్కో దెబ్బకు గుంపులు గుంపులు గాలిలోకి లేస్తాయి. గీతలో వంక పెట్టడానికి లేదు. అయినా సినిమా తీస్తున్నవాళ్లు చూసి ఆవులించారు. ఇంకొక్క అవకాశం ఇస్తామని, అప్పటికీ కుదరకపోతే పని మరొకరికి అప్పగిస్తామని చెప్పారు. ఈ ఏడాదిలో ఆమె స్నేహితుల పెళ్లిళ్లకు పోలేదు, ఆదివారం చర్చి మానేసింది. బొమ్మలు వేసుకునే గదిలో ఆమెతో మాట్లాడే మనిషి లేడు.

"ఏం తక్కువైంది సార్? వేగమా? కెమెరా కోణమా? ఇంకా పెద్ద రాక్షసుణ్ని పెట్టమంటారా?" అని అడిగింది.

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "రేపు విజయనగరం వెళ్తున్నాను. నువ్వూ రామ్మా," అన్నారు.

అక్కడ ఊరి చివర కర్రసాము నేర్పే పాత తాలింఖానా ఒకటి ఉంది. ఇప్పుడు నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు. పైడయ్య అనే ముసలాయన మాత్రం రోజూ వచ్చి నేల ఊడ్చి కూర్చుంటాడు. పైడయ్య, సత్తారు జతగా కర్రసాము ఆడుతున్నారంటే ఒకప్పుడు జాతరకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వచ్చేవట. చిన్నప్పుడు పరాంకుశం గారు కూడా చూశారు. పోయిన వానాకాలంలో సత్తారు చనిపోయాడు.

"ఒక్కడ్నే ఏటాడతాను బాబూ? ఆడు లేడు గదా," అన్నాడు పైడయ్య.

"మీ వంతు మీరు ఆడండి. చాలు," అన్నారు పరాంకుశం గారు.

ముసలాయన నేలకు దండం పెట్టి లేచాడు. కర్ర తిప్పి కొట్టాడు. కొట్టి, అవతలి కర్ర చప్పుడు వినడానికన్నట్టు ఆగాడు. తర్వాత చటుక్కున వంగాడు. మొదట సలోమికి ఆయన ఎదుట ఖాళీ తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపయ్యాక పైడయ్య చూపు ఎంత పైకి లేస్తోందో గమనించింది. సత్తారు పొడగరి అని తెలిసింది. ఎడమచేతివాటం అని, మీదికి వచ్చే ముందు ఒక అడుగు వెనక్కి వేసేవాడని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఒకచోట పైడయ్య తప్పుకోవడం ఆలస్యమైంది. కనుబొమ మీద చెయ్యి పెట్టుకుని పెద్దగా నవ్వాడు. "ఎప్పుడూ ఇక్కడే తగిలించీవోడు, దొంగ సచ్చినోడు!" అన్నాడు. బదులు నవ్వేవాళ్లు లేక ఆ నవ్వు ఆరిపోయింది.

చివరికి పైడయ్య మోకాలు నేలకు ఆనించి, కర్ర పక్కకు దించి, మెడ వంచాడు. అలాగే ఉండిపోయాడు. సలోమి అర్థం కాక గురువు వైపు చూసింది.

"ఆఖరి దెబ్బ సత్తారుదమ్మా. మెడ దాకా తెచ్చి ఆపేవాడు. అప్పటికి గానీ ఆట అయినట్టు కాదు," అన్నారాయన మెల్లగా.

ముసలాయన ఇంకా లేవడం లేదు. సలోమి చెప్పులు విడిచి, గోడకు ఆనించి ఉన్న రెండో కర్ర అందుకుంది. కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకుంది. కొట్టడం కన్నా ఆపడం కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. కర్ర ఆ మెడకు తగిలీ తగలకుండా ఆగింది. పైడయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. కాసేపటికి ఆ కర్రే పట్టుకుని పైకి లేచాడు.

"ఆడు పోయినకాడి నుంచి ఈ ఆట ముగిసింది లేదమ్మా," అన్నాడు. వీధి దాకా సాగనంపి, "మళ్లీ ఎప్పుడొత్తావు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు.

ఈ సంగతి నాకు సలోమే చెప్పింది. తర్వాత ఆమె తన సన్నివేశంలో దండునంతా చెరిపేసి, కథానాయకుడికి ఎదురుగా ఒక్కణ్ని మిగిల్చింది. వాడి నడక కుదరడానికే ఒక వేసవి పట్టింది. ఈసారి సినిమావాళ్లు ఆవులించలేదట, పని ఆమెకే ఉంచారట. అయితే ఆమె ఎక్కువగా తలచుకునేది ఆ రోజు తిరుగు బస్సులోని మాటలు.

బస్సు సగం దారికి వచ్చింది. "నా రాక్షసుల్లో ఒక్కడి ముఖమూ నాకు గుర్తు రావడం లేదు సార్," అంది సలోమి. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మళ్లీ ఆమే అడిగింది. "నిజంగా పోటీ పడితే వాళ్లిద్దరిలో ఎవరు గెలిచేవారు?"

"ఇప్పుడైతే పైడయ్యేనమ్మా," అన్నారు పరాంకుశం గారు. "ఓడించేవాడు లేడుగా."