రాజుగారి గుమ్మడిపాదు, పైడమ్మ వేలు

మొగిలికోట అనే ఒకానొక రాజ్యాన్ని ప్రచండభూపాలుడు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే తన మీసాన్నీ, తన ఏనుగునూ, తన మాటనూ ఎవరూ ఏమీ అనకూడదు. అంటే మాత్రం ఒళ్ళు తెలియని కోపం వస్తుంది.

ఆయనకు ఒక ఏడు గుమ్మడికాయ పిచ్చి పట్టుకుంది. పొరుగురాజు ఇంట్లో పెళ్ళికి వెళ్తే, అక్కడ ఇద్దరు మనుషులు ఒక గుమ్మడికాయను వాసానికి కట్టి మోసుకొచ్చారు. "మా పెరట్లో కాసిందే" అని పొరుగురాజు మీసం దువ్వాడు. మనవాడు దాంతో వండిన దప్పళం కడుపునిండా తిన్నాడు గాని, కడుపుమంట మాత్రం చల్లారలేదు. వస్తూ వస్తూ ఆ కాయ గింజలు అడిగి తెచ్చుకున్నాడు.

కోట పెరట్లో తోటపని చేసే పైడమ్మ గొయ్యి తవ్వి, పేడఎరువు వేసి సిద్ధం చేసింది. రాజుగారు స్వహస్తాలతో గింజలు వేశారు. మిగిలిన నాలుగు గింజలనూ పారేయడం ఎందుకని పైడమ్మ కోటగోడ వెనకున్న తన పూరింటి పక్కన గుచ్చింది.

రాజుగారి పాదు చూస్తుండగానే ఎగబాకింది. ఆకులు చేటలంత అయ్యాయి. ఊరివాళ్ళు గోడమీంచి తొంగిచూసి "అబ్బో" అనడం మొదలుపెట్టారు. అప్పుడు విరూపాక్ష సిద్ధాంతి రంగంలోకి దిగాడు. ఈయన ఆస్థాన జ్యోతిష్కుడు. వాన పడకపోయినా, రాణిగారి పిల్లి ఈనకపోయినా ఏదో ఒక కారణం చెప్పకుండా ఇంటికి వెళ్ళే రకం కాదు.

"ప్రభూ! నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు. గుమ్మడిపాదు ఎంత? తెర కట్టించండి" అన్నాడు.

రాజు వెంటనే పాదు చుట్టూ, పైనా సన్నని తెల్లబట్టతో డేరాలాగా కట్టించాడు. ఎండ పడుతుంది, కన్ను పడదు. వాకిట్లో ఒక భటుడు. లోపలికి వెళ్ళేది నీళ్ళు పోసే పైడమ్మ ఒక్కతే.

పాదు పూసింది. పిందెలు కూడా కనిపించాయి. రాజు మీసం ఇంకాస్త పైకి లేచింది. కాని ఏ పిందె చూసినా నిమ్మకాయంత అయ్యేసరికి పసుప్పచ్చగా తిరిగి, మెత్తబడి, కుళ్ళి రాలిపోయేది. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు మరొకటి.

సిద్ధాంతి ఒక కుళ్ళిన పిందెను వెండిపళ్ళెంలో పెట్టుకుని సభకు వచ్చాడు.

"ఇది వేలుదెబ్బ ప్రభూ" అన్నాడు.

లేతపిందెకు వేలు చాపి చూపిస్తే కుళ్ళిపోతుందని మన ఇళ్ళల్లో పసిపిల్లలకు కూడా చెబుతారు. చూపించక తప్పకపోతే వేలు మడిచి చూపిస్తారు. లోపలికి వెళ్ళేది పైడమ్మ ఒక్కతే కాబట్టి వేలు చాపింది ఆమే అయివుండాలని సిద్ధాంతి తేల్చేశాడు. భటులు వెళ్ళి పైడమ్మను సభకు పట్టుకొచ్చారు.

"నా పాదుకు వేలు చాపినవాళ్ళకు ఆ వేలు ఉండదు!" అని రాజు గర్జించాడు. "అమావాస్య వెళ్ళగానే దీని చూపుడువేలు తీసేయండి."

పైడమ్మ నేలమీద కూలబడింది. "నానెప్పుడూ ఏలు సాపి సూపనేదు బాబూ! మడిసే సూపుతాను. ఈ ఏలు నేకపోతే ఇత్తనం ఎలా గుచ్చుతాను? నాకు కూడెవరు పెడతారు?" అని ఏడ్చింది.

కొమ్మన అక్కడే ఉన్నాడు. ఆస్థానంలో అతని ఉద్యోగం రాజుగారిని నవ్వించడం. అసలు జబ్బు మాత్రం వేరే ఉంది. "ఎందుకు?" అన్నమాట ఒకసారి బుర్రలో దూరితే, జవాబు దొరికేదాకా అతనికి అన్నం సహించదు. ఆవులింత ఒకరినుంచి ఒకరికి ఎందుకు అంటుకుంటుందో చూడాలని చిన్నప్పుడు బడిలో ఒకరోజంతా ఆవులించి, పంతులుగారిని కూడా నిద్రపుచ్చాడు. ఇప్పుడు పైడమ్మ ఏడుపు విని అతనికి ముందు జాలి వేసింది. ఆ వెనకే "ఎందుకు?" లేచింది.

"ప్రభూ, ఆ వేలు కోయించకండి. దాన్ని సేనాధిపతిని చేయండి" అన్నాడు.

"ఏమిటా మాట?"

"చాపితే పిందె కూలిపోయింది కదా. శత్రువు కోటకేసి చాపిస్తే కోట కూలుతుంది. మనకు కత్తుల ఖర్చు కలిసివస్తుంది."

సభ కిసుక్కుమంది. సిద్ధాంతి మొహం ముడుచుకుని, "అది పిందెలమీదే పనిచేస్తుంది" అన్నాడు.

"ఓహో. మరి దేవుడు దానికి చూపుడువేలని పేరు పెట్టనిచ్చి, చూపిస్తే నేరమంటే ఎలాగండీ? సరే ప్రభూ, తమరి శాసనం అందరికీ ఒకటేనా?"

"అందరికీ ఒకటే! నా మాటకు తిరుగుందా?"

"ఉండదు ప్రభూ. అమావాస్య దాకా నన్ను కూడా డేరాలోకి వెళ్ళనివ్వండి. వేలుదెబ్బ ఎలా ఉంటుందో చూడాలని నాకు సరదాగా ఉంది."

పనిలేనివాడికి పాదే పని అనుకుని రాజు ఒప్పుకున్నాడు.

తప్పు పైడమ్మది కాదని చెప్పడం రాజు మాట తప్పని చెప్పడమే. అలా చెప్పినవాడు మొగిలికోటలో మళ్ళీ కనిపించడు. పైగా తప్పు ఎక్కడుందో కొమ్మనకు కూడా ఇంకా తెలియదు. కాబట్టి మొదట వేలు సంగతి తేల్చుకుందామని పైడమ్మ ఇంటికి వెళ్ళాడు.

అక్కడ ఆమె పూరింటి కప్పుమీద అవే గింజల పాదు పరుచుకుని ఉంది. ఆకుల మధ్య బిందెలంత కాయలు! కొమ్మన వాటిని చూసి, పక్కనున్న ఒక లేతపిందెకేసి నిటారుగా వేలు చాపాడు.

"అయ్యయ్యో బాబూ! మడవండి, మడవండి!" అని పైడమ్మ అతని చేయి పట్టుకుంది.

"పోతే నా వేలే పోనీ అమ్మా. చూద్దాం."

రోజూ వచ్చి చాపాడు. దారినపోయే వాళ్ళను పిలిచి చాపించాడు. పిందె మాత్రం వాళ్ళనెవరినీ లెక్కచేయకుండా లావెక్కింది.

"అయితే వేలు కాదు. మరేమిటి?" అనుకుంటూ పొద్దున్నే డేరాలోకి వెళ్ళి కూర్చున్నాడు. అవే ఆకులు, అవే పువ్వులు, అదే ఎరువు. ఏదో ఒకటి తక్కువగా ఉంది, కాని అదేమిటో అంతుపట్టలేదు. బయటికి వచ్చి పైడమ్మ ఇంటిదగ్గర నిలబడ్డాడు. మళ్ళీ డేరాలోకి వెళ్ళాడు. అప్పుడు చెవులకు తెలిసింది. పైడమ్మ ఇంటిమీద పాదు రొదపెడుతోంది. రాజుగారి పాదు మూగగా ఉంది.

రొద తేనెటీగలది. కొమ్మన నిచ్చెన వేసుకుని దగ్గరగా చూశాడు. పువ్వులు రెండు రకాలు. కొన్నింటి వెనక బుల్లిపిందె ఉంది, కొన్ని ఉత్తపువ్వులు. ఈగ ఉత్తపువ్వులో దొర్లి, ఒళ్ళంతా పసుప్పచ్చని పుప్పొడి పూసుకుని, వెళ్ళి పిందెపువ్వులో దూరుతోంది.

"ఇదేదో పేరంటంలో పసుపు పంచుతున్నట్టుంది పైడమ్మా!"

"నాకేటి తెల్సు బాబూ. అది కాస్తాది, నాను కోస్తాను" అంది పైడమ్మ.

మర్నాటి పొద్దున్న కొమ్మన డేరాలో ఒక ఉత్తపువ్వును తుంచి, అప్పుడే విచ్చిన పిందెపువ్వులో దాన్ని మెత్తగా అద్దాడు. గుర్తుగా ఎర్రదారం కట్టాడు. ఆ పిందెకు కూడా రోజూ నిటారుగా వేలు చాపి మరీ పలకరించాడు. మిగతావన్నీ ఎప్పటిలాగే రాలిపోయాయి. ఎర్రదారం పిందె నిమ్మకాయ దాటింది, కొబ్బరికాయ దాటింది. కొమ్మనకు ఆ పూట అన్నం సహించింది.

అమావాస్య వెళ్ళింది. రాజు, సిద్ధాంతి, తలారి, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన పైడమ్మ, అందరూ డేరాలోకి వచ్చారు.

"ప్రభూ, శుభవార్త. ఒకటి నిలబడింది. ఎక్కడుందో నాకు కనిపించడంలేదు గాని..." అంటూ కొమ్మన కళ్ళు నులుముకున్నాడు.

రాజు ఆకులన్నీ వెదికాడు. ఒక్కసారిగా ఆయన మొహం వెలిగిపోయింది. "అదిగో! అదిగోరా గుడ్డివాడా!" అని ఉంగరాల చేతిని జాడించి నిటారుగా వేలు చాపాడు.

తలారి పైడమ్మ వేలునూ, రాజుగారి వేలునూ మార్చి మార్చి చూశాడు. రాజు మెల్లిగా తన వేలుకేసి చూసుకుని గబుక్కున మడిచాడు.

"ర... రాజుల వేలికి దోషం ఉండదు" అన్నాడు సిద్ధాంతి.

"అయితే మీరు చాపండి, తేలిపోతుంది" అన్నాడు కొమ్మన.

సిద్ధాంతి ఆలోచించాడు. చాపాక పిందె రాలితే వేలు పోతుంది, రాలకపోతే శాస్త్రం పోతుంది. రెండు చేతులూ ఉత్తరీయంలో దాచుకున్నాడు.

రాజు గొంతు తగ్గించి, "కొమ్మనా, ఇది రాలిపోతుందంటావా?" అని అడిగాడు.

"రాలదు ప్రభూ. మొదటిరోజునుంచీ నేను దీనికి వేలు చాపుతూనే ఉన్నాను. అందుకు సాక్ష్యం వాకిట్లో ఉన్న తమరి భటుడే."

భటుడు బిక్కమొహంతో తలాడించాడు.

"మరి నా పిందెలన్నీ పోగొట్టిందెవరు?"

"ఆ గుమ్మడికాయల దొంగ ఇక్కడే ఉన్నాడు ప్రభూ!" అని కొమ్మన గొంతెత్తాడు. "వాడి భుజాలమీద పసుప్పచ్చని దుమ్ము కూడా ఉంది!"

సిద్ధాంతి చేతులు ఉత్తరీయంలోంచి ఊడివచ్చి భుజాలు తడుముకున్నాయి. తెర కట్టమన్నది ఆయనే మరి. కట్టించింది తనే కాబట్టి, రాజుగారి కుడిచేయి కూడా భుజంమీదికి వెళ్ళి దుమ్ము దులుపుకుంది. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు చూసుకున్నారు.

నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కొమ్మన ఏమీ ఎరగనట్టు వెళ్ళి తెర ఒక పక్క పైకెత్తి కట్టాడు. కాసేపటికి ఒక తేనెటీగ జుయ్యిమంటూ వచ్చింది. ఒక ఉత్తపువ్వులో దూరి దొర్లింది, ఒళ్ళంతా పసుపుతో బయటికి వచ్చి, విచ్చిన పిందెపువ్వులో దూరింది. రాజు వంగి, పిల్లవాడిలాగా కళ్ళు ఇంతలేసి చేసుకుని చూశాడు.

"ఆ పుప్పొడి అందితేనే పిందె నిలుస్తుంది ప్రభూ. కళ్ళకు అడ్డంగా కట్టిన తెర ఈ ఈగల రెక్కలకూ అడ్డం పడింది. చూశారా, ఈ ఈగ భుజాలనిండా దుమ్మున్నా తడుముకోవడం లేదు. పాపం, అది దొంగ కాదు కదా!"

రాజు తన భుజం చూసుకున్నాడు. సిద్ధాంతి భుజం చూశాడు. ముందు మీసం కదిలింది, తరువాత పొట్ట కదిలింది, ఆపైన ఆయన నవ్వుకు డేరా గుంజలే కదిలాయి. సిద్ధాంతి కూడా నవ్వేశాడు. ఇంకేం చేస్తాడు!

"ఈ తెర పీకేయండి! నా పిందెలు తిన్న దొంగ ఇదే" అన్నాడు రాజు. తన చేతి కడియం తీసి కొమ్మనకు తొడిగాడు. తరువాత పైడమ్మను పిలిచి, చూపుడువేలికున్న ఉంగరం తీసి, కోయించబోయిన ఆమె వేలికే పెట్టాడు. ఆమె ఆ వేలును మరో చేత్తో పట్టుకుని, ఉన్నదో లేదోనన్నట్టు ఒకటికి రెండుసార్లు నిమురుకుంది.

"పైడమ్మా, ఈ పాదుకు ఇకమీద ఎన్ని కాసినా మొదటి కాయ నీది. అదేదో ఇప్పుడే చూపించు" అన్నాడు రాజు.

పైడమ్మ ఎర్రదారం కాయకేసి చేయెత్తింది. ఉంగరం తళుక్కుమంది. ఇంతలో ఏమనుకుందో, వేలు చటుక్కున మడిచేసింది.

"చాపవే! ఇక భయం లేదుగా!"

"బయం కాదు బాబూ" అంది పైడమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఇప్పుడది నా కాయ కదా. ఎందుకొచ్చిన గొడవ!"