నీలం తలుపు తొమాసా

అనగనగా... ఏవిటే, అప్పుడే ఊఁ కొడుతున్నావు? ఇంకా ఊరి పేరైనా చెప్పలేదు! కాళ్ళు ఆడించకుండా పడుకుంటేనే కథ. ఆఁ, అలాగ. అనగనగా ఒక ఊళ్ళో, మన దగ్గర కాదు, సముద్రాలు దాటి వెళ్ళాలి, మెక్సికో అనే దేశంలో కొండ మీద ఒక ఊళ్ళో, తొమాసా అని ఒక పెద్దావిడ ఉండేది.

మెక్సికోకి దారెటని అడక్కు, నాకు తెలీదు. కానీ పొద్దున కారం కారం అని గోల చేశావే, ఆ మిరపకాయ మొదట ఆ దేశందేట. నీ జడలో పెట్టిన బంతిపువ్వూ అక్కడిదేట. కాబట్టి వాళ్ళు మనకి మరీ పరాయివాళ్ళేం కాదు.

ఆ ఊరి పేరు మూడు రాళ్ళు. అందులో నీలం తలుపు ఇల్లు తొమాసాది. మనిషి మంచిదే, కానీ గొంతుందే తల్లీ! ఆవిడ గుమ్మంలో నిలబడి కోళ్ళని పిలిస్తే అవతలి కొండ మీద గాడిదలు చెవులు నిక్కబొడిచేవి.

ఆ దేశంలో ఒక మర్యాద ఉంది. మీ ఇల్లెక్కడండీ అని అడిగితే, మా ఇల్లు ఫలానా చోట అనరు. "మీ ఇల్లు ఫలానా చోట ఉందండీ" అంటారు. నా ఇల్లంటే నీ ఇల్లే అన్నమాట. ఎంత బాగుందో కదూ!

ఒకనాడు తొమాసా సంతలో ఎండుమిరపకాయలు రాశి పోసుకుని కూచుంది. ఇంతలో జోరున వాన వచ్చింది. అప్పుడు పక్కన పిట్టల బొమ్మల కుండలమ్ముకునే హసింతా అనే అమ్మాయి, తన ఒంటి మీది శాలువా తీసి ఆ రాశి మీద కప్పేసింది. తను మాత్రం ముద్దగా తడిసిపోయింది. తొమాసాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదిగో అమ్మాయ్, మూడు రాళ్ళ ఊళ్ళో మీ ఇల్లుంది. నీలం తలుపు. ఎప్పుడైనా రా" అంది.

ఆ తర్వాత అవే వానలకి హసింతా వాళ్ళ ఊళ్ళో కొండ జారింది. ఆమె ఇల్లు మట్టిలో కలిసిపోయింది. మొగుడు అంతకు ముందే పోయాడు పాపం. ఉన్నది నాయెలి అని ఒక్కగానొక్క కూతురు, నీ అంతే ఉంటుంది, నీకంటే తిన్నగా అన్నం తింటుంది. కొన్నాళ్ళు పక్కింటివాళ్ళ పంచన తలదాచుకున్నారు. చలికాలం వచ్చేసరికి అక్కడా కుదరలేదు. అప్పుడు హసింతాకి నీలం తలుపు గుర్తొచ్చింది. ఉత్తచేతులతో ఎలా వెళ్తామని, మిగిలిన ఒక్క చిన్న కుండని చంకన పెట్టుకుంది. కుండ మెడ చుట్టూ ఆమె గీసిన పిట్టల బొమ్మలున్నాయి.

ఇప్పుడు జాగ్రత్తగా విను, అసలు సంగతి ఇక్కడే ఉంది. క్రిస్మస్‌కి ముందు ఆ దేశంలో సాయంత్రాలు ఒక ఆట ఆడతారు. వెనక ఏసు పుట్టబోయే రాత్రి మేరీ తల్లీ జోసెఫూ చోటు కోసం ఇల్లిల్లూ తిరిగారు కదా, అదే ఆడతారు. దాన్ని పోసాదా అంటారు. సగం మంది దీపాలు పట్టుకుని వీధిలో చోటడుగుతూ పాడతారు. సగం మంది తలుపేసుకుని, పొమ్మని పాడతారు. మొదటి ఇల్లు తలుపు తీయకూడదు. రెండోదీ తీయకూడదు. మూడో ఇల్లు తీస్తే అందరూ లోపలికి పోయి తినడమే తినడం!

ఏటా లాగే ఆ ఏడూ మొదటి ఇల్లు తొమాసాదే. అంత గొంతు ఊళ్ళో ఇంకెవరికుంది? ఇంటి నిండా జనం. బయటివాళ్ళు ఇంకా రాలేదు. అప్పుడు టక్ టక్ అని చప్పుడైంది.

"అమ్మా, నేను హసింతాని. ఈ రాత్రికి కాస్త చోటివ్వండి" అంది బయటి గొంతు.

లోపలి గోలలో పేరు ఎవరికీ వినపడలేదు, చోటన్న మాటే వినపడింది. ఒక్కసారిగా అందుకున్నారు.

"జాగా లేదమ్మా, జరగండమ్మా!
తలుపు తీయమమ్మా, తరలండమ్మా!"

మళ్ళీ టక్ టక్. "అమ్మా, చిన్నపిల్ల ఉంది. చలికి వణికిపోతోంది." నాయెలి ఏడుపు కూడా వినిపించింది. "ఈ ఏడు ఎంత బాగా ఆడుతున్నారే, పిల్లచేత ఏడుపు కూడా పెట్టించారు!" అని లోపలివాళ్ళు మురిసిపోయి, ఇంకా గట్టిగా పాడారు.

మూడోసారి చప్పుడైంది. "ఇది నా ఇల్లేనని మీరే అన్నారు కదమ్మా..." అంది హసింతా. ఆ మాట ఆ దేశంలో అందరూ అనేదేగా! తొమాసా నవ్వుకుంటూ, కప్పు అదిరేలా ఎత్తుకుంది. "జాగా లేదమ్మా, జరగండమ్మా!"

హసింతాకి ఆ ఆట తెలీదా అంటే, తెలుసు. కానీ ఇల్లు పోగొట్టుకున్న మనిషికి అది ఆటలా ఎలా వినిపిస్తుందమ్మా? తెచ్చింది వెనక్కి పట్టుకుపోవడం మర్యాద కాదని, కుండ గుమ్మంలో పెట్టి, పిల్లని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కాసేపటికి వీధిలో ఆట ఆడే అసలు జట్టు వచ్చింది. దీపాలతో, పాటతో తలుపు తట్టింది. లోపల తొమాసా నోరు తెరిచింది గానీ పాట రాలేదు. ఆ పెద్ద గొంతు మొట్టమొదటిసారి మూగబోయింది.

"వీళ్ళు ఇప్పుడొచ్చారంటే, ఇందాక వచ్చిందెవరు?"

తీయకూడని తలుపు తీసేసింది. గుమ్మంలో కుండ ఉంది. మెడ చుట్టూ పిట్టలు. తొమాసా దాన్ని చేతుల్లోకి తీసుకుంది. "అయ్యో, నా మిరపకాయలు తడవనివ్వని పిల్లని చలిలోకి తోసేశాను" అని గుమ్మంలోనే చతికిలబడి ఏడ్చింది.

ఆ తర్వాత ఏడుపు ఆపి లేచింది, జట్టునంతా వెంటేసుకుని బయల్దేరింది. చర్చి మెట్ల దగ్గర చూశారు, లేరు. నీళ్ళ ఊట దగ్గర చూశారు, లేరు. ఊరి చివర గాడిదల కొట్టంలోంచి చిన్న దగ్గు వినిపించింది.

"హసింతా, తలుపు తియ్యమ్మా" అంది తొమాసా. లోపల ఉలుకూ పలుకూ లేదు. జనమంతా తరమడానికొచ్చారనుకుని ఆమె భయపడింది.

అప్పుడు తొమాసా ఏం చేసిందో తెలుసా? తలుపు ముందు మోకాళ్ళ మీద కూచుని, సన్నగా, బయటివాళ్ళు పాడే పాట ఎత్తుకుంది. పుట్టాక ఎప్పుడూ ఆ పాట పాడలేదు ఆవిడ.

"చలి వేస్తోందమ్మా, చోటివ్వండమ్మా!"

లోపల్నుంచి చిట్టి గొంతు, "జాగా లేదమ్మా, జరగండమ్మా!" అంది. నాయెలి! ఆ దేశం పిల్ల, ఆట రాకుండా ఉంటుందా? ఎవరో నవ్వబోతే తొమాసా గుడ్లురిమి చూసింది. మళ్ళీ పాడింది. మళ్ళీ పొమ్మంది పిల్ల. మూడోసారి పాడేటప్పుడు పెద్దావిడ గొంతు వణికింది.

అప్పుడు తలుపు కిర్రుమంది. గడ్డి అంటుకున్న జుట్టుతో నాయెలి నిలబడి, "లోపలికి రండి, ఇది మీ ఇల్లే" అంది.

తొమాసా ఆ పిల్లని గుండెకి హత్తుకుని, హసింతా చేతులు పట్టుకుంది. "మీ ఇంటికి మీరు రండమ్మా" అంది. హసింతా తలూపింది.

అప్పుడు అందరూ కలిసి నీలం తలుపు ఇంటికి వెళ్ళారు. మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి తిన్నారు, మన పనసాకు పొట్టిక్కల్లాగే అనుకో. జామకాయలూ చెరుకు ముక్కలూ చింతపండూ వేసి కాచిన వేడి పానకం తాగారు. నాయెలికి రెండు గిన్నెలు పోశారు. ఆ తర్వాత హసింతా ఆ ఇంటి పెరట్లోనే కుండల పని పెట్టుకుంది, ఎవరూ పొమ్మన్లేదు.

ఆ ఊళ్ళో ఇప్పటికీ ఆ ఆట ఆడతారు. కానీ పొమ్మని పాడేముందు, ఒకరు కిటికీలోంచి తొంగి చూసి, నిజంగా చోటు కావలసినవాళ్ళెవరూ లేరని చెప్పాలి. ఆ తర్వాతే పాట.

అదీ కథ. ఏయ్, మంచమంతా నువ్వే పరుచుకున్నావు, మరి అమ్మమ్మకేదీ చోటు? టక్ టక్!

చలి వేస్తోందమ్మా, చోటివ్వవమ్మా,
దుప్పటి కొసైనా దయ చెయ్యవమ్మా,
కథ కంచికెళ్ళెనమ్మా, కళ్ళు మూసుకోమ్మా,
మనం ఇంట్లోనే ఉన్నామమ్మా, మనదే ఇల్లమ్మా!