బ్యాండు మేళం దిగిన బడి

రాజమండ్రి గాజుల వీధిలో సత్యాంబ టీచరని ఒకావిడ ఉండేది. మనిషి బంగారమే గానీ, తన బడి మీద ఇంకొకరి చెయ్యి పడితే ఓర్చుకోలేకపోయేది.

పిల్లలు తగ్గిపోయారని మున్సిపాలిటీ వాళ్లు ఆ బడిని మూసేశారు. అక్కడే పెద్ద పంతులమ్మగా చేసి రిటైరైంది కనుక, తాళాలు ఆవిడ దగ్గరే ఉంచారు. ఆవిడ రోజూ పొద్దున్నే వెళ్లి వరండా ఊడ్చేది, గుమ్మంలో ముగ్గు వేసేది. గదులు మాత్రం తెరిచేది కాదు. తెరిస్తే దుమ్ము పడుతుందట! బడి గంటకు కూడా పాతచీర చుట్టి ఉంచింది.

ఒకరోజు పెళ్లిళ్లకు బ్యాండు వాయించే అబ్రహాం వచ్చాడు. అతనూ ఆ బడిలో చదివినవాడే.

"టీచరుగారండీ, ఇంట్లో వాయించుకుంటుంటే పక్కవాళ్లు కొట్టడానికొస్తున్నారు. సాయంత్రం పూట ఒక్క గది ఇప్పించండి," అన్నాడు.

"నీ బాకాలకు నా పెంకులు లేచిపోతాయిరా! వెళ్లు, వెళ్లు," అంది టీచరు.

కుట్టుమిషన్లు పెట్టుకుంటామని వచ్చిన ఆడవాళ్లనూ గోడలకు మరకలు పడతాయని పంపేసింది.

ఇంతలో మున్సిపాలిటీ నుంచి కబురొచ్చింది. వాడకంలో లేని బడిని కూల్చి, ఆ జాగాలో బండ్లు నిలుపుతారట. సోమవారం ఇంజినీరు చూడటానికొస్తున్నాడు.

"నా బడిని చూస్తే ఎవరికైనా కూల్చబుద్ధవుతుందా? అద్దంలా ఉంచాను," అనుకుంటూ టీచరు గది తాళం తీసి తలుపు తోసింది. తలుపు కాస్తా ఊడి చేతిలోకొచ్చింది! అంతా చెదలు. పైన గబ్బిలాలు. గాలీ వెలుతురూ లేక గోడలు చెమ్మ పట్టాయి.

"అయ్యో, చేతులారా నేనే పాడుచేసుకున్నానే!" అని టీచరు అక్కడే కూలబడి వలవలా ఏడ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, సిగ్గు విడిచి అబ్రహాం ఇంటికి వెళ్లింది.

"ఒరే అబ్రహాం, నీ బాకాలు తీసుకుని రారా. పెంకులు లేస్తే లేచాయి," అంది.

అబ్రహాం పకపకా నవ్వాడు. "బాకాలు తర్వాతండీ. ముందు చీపుర్లు తెస్తాం!"

వీధి వీధంతా దిగింది. కిటికీలు తెరిచారు, చెదలు దులిపారు, కొత్త తలుపు బిగించారు, గోడలకు సున్నం కొట్టారు. గబ్బిలాల సంగతంటారా? డ్రమ్ము మోత మొదలవగానే అవే మూటాముల్లె సర్దుకుని పోయాయి!

సోమవారం సాయంత్రం ఇంజినీరు వచ్చాడు. ఒక గదిలో బ్యాండు హోరు. ఇంకో గదిలో మిషన్ల చప్పుడు. వరండాలో టీచరు ముసలమ్మలకు సంతకం పెట్టడం నేర్పుతోంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మూసేసిన బడి అన్నారే?"

"మూసింది మీరేనండీ. పాడుబెట్టింది మాత్రం నేను," అంది టీచరు. "ఇక తాళం వేయమన్నా వేయను."

ఇంజినీరు గోడలు తట్టి చూశాడు, పైకప్పు చూశాడు. "కట్టడం గట్టిదే. ఇంతమంది వాడుకుంటున్నదాన్ని కూల్చమని నేను రాయలేనమ్మా," అన్నాడు.

టీచరు పట్టలేని సంతోషంతో గంటకున్న పాతచీర లాగేసి గణగణా లాంగ్ బెల్లు కొట్టింది. అది ఇళ్లకు పొమ్మనే గంట. ఆ సాయంత్రం ఒక్కరూ కదల్లేదు. అబ్రహాం పెళ్లి పాట అందుకున్నాడు, ముసలమ్మలు చప్పట్లు చరిచారు.

చూశారుగా పిల్లలూ! ఎంత ప్రేమగా దాచినా తాళం వేసిన చోటు పాడవుతుంది. పదిమందికి తలుపు తెరిచిన చోటే కలకాలం నిలుస్తుంది.