మసి రుద్దని పుస్తకం

ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఏలడం కన్నా పొగిడించుకోవడం మీదే ఆయనకు మక్కువ. తన గొప్పలన్నీ చెప్పి, లేఖకుడి చేత వెయ్యి తాటాకుల మీద రాయించి, దానికి "ఉద్దండ ప్రతాపం" అని పేరు పెట్టుకున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దే, ఎవరు కాదన్నారు? ఊరంతా ముద్దాడాలంటేనే వస్తుంది తంటా.

ఒకనాడు సభలో రాజు ఆజ్ఞ వేశాడు. "మన గ్రంథాలయం పనికిరాని పుస్తకాలతో నిండిపోయింది. చదవదగ్గ పుస్తకమేదో తలా ఒకటి చెప్పండి. మీరు చెప్పినవి ఉంచి, తక్కినవి వంటశాల పొయ్యిలోకి పంపిస్తాం."

ఆస్థాన పండితుడు సోమదీక్షితులు లేచాడు. "ప్రభూ, చదవదగ్గది ఒక్కటే, ఉద్దండ ప్రతాపం. ముమ్మారు చదివి ముమ్మారూ కన్నీళ్ళు పెట్టుకున్నాను."

ఇక చూడండి, మంత్రి, సేనాని, పురోహితుడు, అందరిదీ అదే పాట. ఆయన తానా అంటే వీళ్ళు తందానా.

గ్రంథాలయం చూసుకునే మాచయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై ఏళ్ళుగా పురుగు పట్టకుండా, చెమ్మ తగలకుండా కాపాడుకున్న పుస్తకాలవి. వాటిలో తాతల నాటి వైద్యాలున్నాయి, ముసలమ్మలు చెప్పిన కథలున్నాయి. ఒక్కడి గొప్ప కోసం అవన్నీ అన్నం కింద మంటైపోవాలా? సిగ్గులేని సభ అని పళ్ళు నూరుకున్నాడు.

"నీ మాటేమిటి మాచయ్యా?" అన్నాడు రాజు.

"నావి రెండు, ప్రభూ. ఒకటి పశువుల రోగాల పుస్తకం. పోయిన ఏడు గాలికుంటు వచ్చినప్పుడు మన మందలు బతికింది దాని చలవే. రెండోది గయ్యాళి అత్త కథ. కల్పనే, కాని మన ఇళ్ళలో నిజమంతా అందులో ఉంది."

సభ గొల్లుమంది. దీక్షితులు మూతి విరిచాడు. "గొడ్ల వైద్యం, ఆడవాళ్ళ కబుర్లు. రాజసభలో చెప్పే మాటలేనా ఇవి?"

"తమరు చెప్పిందే కానివ్వండి. పొయ్యి రాజేసే ముందు తమకు కన్నీళ్ళు తెప్పించిన చోటు ఒక్కటి చదివి వినిపిస్తే మేమూ తరిస్తాం," అని మాచయ్య గ్రంథాలయానికి వెళ్ళి, అత్త కథను చంకన పెట్టుకుని, పట్టుగుడ్డలో చుట్టిన ఉద్దండ ప్రతాపం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

దీక్షితులు ముడి విప్పాడు. ఒక ఆకు తిప్పాడు, పది తిప్పాడు. మొహం పాలిపోయింది. ఏ ఆకు మీదా అక్షరం కనబడలేదు. రాజు లాక్కుని చూశాడు.

"ఉత్త తాటాకులు పెడతావా? నా గ్రంథం ఏమైంది?" అని కత్తి మీద చెయ్యి వేశాడు.

"ఇదే తమ గ్రంథం, ప్రభూ. ఘంటంతో గీసిన అక్షరం మసి రుద్దితే గాని కంటికి ఆనదు," అంటూ మాచయ్య దీపపు మసి వేలికి తీసుకుని ఒక ఆకు మీద రుద్దాడు. "ఈ రాజు ఎదుట అబద్ధమాడే వాడు లేడు" అన్న వాక్యం నల్లగా తేలింది.

"చదువుతామని ఎవరైనా అడిగిన రోజున రుద్దుదామని ఊరుకున్నాను. ఐదేళ్ళయింది, ఒక్కరూ అడగలేదు. చెప్పి రాయించిన తమరూ అడగలేదు. చదవని పుస్తకానికి ఏడ్చినవాళ్ళ మాట పట్టుకుని, జనం చదివే పుస్తకాలు కాలుస్తారా? ఇది అన్యాయం. తల తీసినా ఇదే చెబుతాను."

రాజు దీక్షితుల వైపు చూశాడు. దీక్షితులు నేల చూశాడు.

రాజు రుసరుసలాడుతూ మాచయ్య చంకలోని అత్త కథ అందుకున్నాడు. దాని అంచులన్నీ చదివినవాళ్ళ చేతి జిడ్డుతో నల్లబడి ఉన్నాయి. నాలుగాకులు చదివేసరికి ఆయన పెదవి కదిలింది. పదో ఆకు దగ్గర కిరీటం పక్కకు జారేట్టు నవ్వాడు.

"తానే వండి, తానే మెచ్చుకుని, కోడళ్ళ చేత మెప్పిస్తోంది. ఈ అత్త అచ్చం నాలాగే ఉందే."

పొయ్యి మాట అక్కడితో రద్దయింది. రాజు తన శాలువా తీసి మాచయ్యకు కప్పి, "ఈ పుస్తకం నా మందిరానికి పంపు" అన్నాడు.

"క్షమించాలి ప్రభూ. దీనికోసం కుమ్మరివీధి నీలమ్మ నెల్లాళ్ళుగా కాచుకుని ఉంది. ఆవిడ తరవాతే తమరు."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమి, మళ్ళీ నవ్వాడు. "అయితే ఆవిడను కాస్త తొందరగా చదవమను."