గుండయ్య మూసిన అలుగు

ఒరేయ్ పిల్లలూ, ఆవలింతలు ఆపి వినండి! అనగనగా ఒక మెట్ట అడవి. ఎండాకాలం వస్తే అక్కడ చుక్క నీరుండదు. అందుకని జంతువులన్నీ చెమటోడ్చి ఒక మట్టికట్ట వేసుకున్నాయి. వాననీళ్ళు దాని వెనక నిలిచేవి. ఏడాదంతా అందరికీ అవే తాగునీళ్ళు. కట్టకి ఒక చివర, కాస్త పల్లంగా, రాళ్ళు పరిచి దారి వదిలారు. చెరువు నిండితే ఎక్కువైన నీళ్ళు అటు పొర్లిపోతాయి. దాన్నే అలుగు అంటారు.

కట్టకి కాపలా ముసలి ఉడుము సింగమ్మ. ఆ ఏడు వానలకి చెరువు నిండింది.

"అలుగు పారుతోందహో!" అని సింగమ్మ సంబరంగా కేకేసింది.

అడవిపంది గుండయ్య ఉలిక్కిపడ్డాడు. "ఏంటీ, చెరువు అలిగిందా? మన మీద కోపంతో నీళ్ళు పారబోస్తోందా? ఉండండి, దాని అలక నేను తీరుస్తా!" అన్నాడు. చూశారా వాడి తెలివి!

"నీ మొహం మండా! అది అలక కాదురా," అంది సింగమ్మ. "కట్ట మీంచి నీళ్ళు పొర్లితే మట్టి కరిగిపోతుంది. అందుకే ఆ దారి."

కానీ దుప్పి చుక్కమ్మకి భయం. పోయిన ఎండల్లో దాని పిల్ల దాహంతో చావు తప్పి బతికింది. "నీళ్ళు ఆపితే మంచిదేగా, సింగమ్మత్తా?" అంది. అందరూ అవునంటే అవునన్నారు. సింగమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

ఇంకేముంది! మొదటిరోజు గుండయ్య అలుగుకి అడ్డంగా బండలు దొర్లించాడు. రెండోరోజు దుంగలు పడేశాడు. మూడోరోజు సందులన్నీ బురదతో మెత్తాడు. నీళ్ళు కట్ట అంచుదాకా వచ్చాయి. "అలక తీరిందోచ్!" అని గంతులేశాడు.

నాలుగోరోజు మధ్యాహ్నం కుండపోత వాన. నీళ్ళు కట్ట మీంచి సన్నగా జారాయి.

"ఆ బండలు తీసెయ్యండ్రా!" అని సింగమ్మ గొంతు చించుకుంది.

అందరూ పరుగెత్తారు. ఒక్క బండ కదిలేలోపే కట్ట నడిమికి భళ్ళున తెగింది. అమ్మో! చెరువుకి చెరువే మీద పడింది. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకుపోయాయి. చుక్కమ్మ పిల్లని తోసుకుంటూ ఎలాగో గట్టెక్కింది. తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వాన వెలిసింది. చెరువులో ఒట్టి బురద.

"ఇన్ని నీళ్ళూ... ఒక్క పూటలోనా?" అన్నాడు గుండయ్య.

చుక్కమ్మ పిల్ల బురదలో మూతి పెట్టి చూసింది. "అమ్మా, ఇప్పుడు మనం ఏం తాగాలి?" అని అడిగింది.

నీతి: ఒక దారి ఎందుకు వదిలారో అర్థం చేసుకోకుండా దాన్ని మూసెయ్యకూడదు.